గడప ముందర చెంబు

బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్ ఫ్యాక్టరీల వెనక సందులో ఒక వఠారం ఉండాది. ఒకే వరసలో రేకుల ఇండ్లు, గోడకు గోడ ఆనుకొని, అందరికీ కలిపి ఒకే కొళాయి. ఆ వరసలో నడిమి ఇల్లు మాత్రం ఖాళీ. దానికి తాళం కూడా వెయ్యలేదు, బయట గొళ్ళెం తగిలించి వదిలేసినారు. ఆ ఇంట్లోకి దొంగ కూడా పోడని ఓనరుకు అంత ధైర్యం.

బెంగళూరులో బాడుగ ఇల్లు దొరకడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. అట్లాంటిది సగం బాడుగకు ఇస్తానన్నా ఒక్కరూ రాలేదంటే, ఆ ఇంటి పేరు ఎంత చెడిందో చూడండి.

రాత్రి షిఫ్టు సైరన్ మోగినాక ఆ సందులో మనుషులు తిరగరు. తప్పక పోవల్సొస్తే చెప్పులు చేతిలో పట్టుకొని పోతారు. ఎందుకంటే... ఆ ఇంట్లోనించి పిలుపొస్తాదంట.

పేరు పెట్టి.

"పుష్పక్కా..." అని. ఆడమనిషి గొంతు. ముందు గట్టిగా వస్తాది. తర్వాత చిన్నగా. ఆ తర్వాత ఇంకా చిన్నగా...

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే పలకరాదని ఆ వఠారంలో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ నేర్పించినారు. పలికితే నీ ఊపిరి దానికి అప్పజెప్పినట్టేనంట. అందుకని పిలుపు వినపడంగానే అందరూ లేచి గడియ సరిగ్గా పడిందో లేదో చూసుకొని, దుప్పటి ముసుగు పెట్టుకొని పడుకుంటారు. ఇదీ ఆ ఇంటి సంగతి.

ఆ ఇంట్లో చచ్చిపోయింది గీతాంజలి అనే పిల్ల. హిందూపురం పక్కనించి వచ్చి, ఆ ఫ్యాక్టరీల్లోనే కుట్టుపని చేసుకుంటా ఉండింది. మొగుడు మునీంద్ర గోడౌన్‌లో సూపర్‌వైజరు. వాళ్ళకొక ఆడపిల్ల, హరిణి అని, ఒకటో తరగతి.

మునీంద్ర చెప్పింది ఇదీ. ఆయన రాత్రి డ్యూటీలో ఉండినాడంట. తెల్లారి వచ్చి చూస్తే పెండ్లాము బాత్‌రూం దగ్గర జారి పడుండిందంట, ఒళ్ళు చల్లగా అయిపోయిందంట. బిడ్డ ఆ రాత్రి హిందూపురంలో చిన్నమ్మ ఇంట్లో ఉండింది. ఆయన డ్యూటీలోనే ఉండినాడని గోడౌన్‌లో స్నేహితులు సాక్ష్యం పలికినారు. ఇంకేం కావల్ల?

ఈ కేసు సబ్ ఇన్‌స్పెక్టర్ నేత్రావతి చేతికొచ్చింది. మహిళా స్టేషన్‌లో మొగుడూ పెండ్లాల కొట్లాటల కేసులన్నీ ఆయమ్మవే. బాగేపల్లి దగ్గర పల్లె ఆయమ్మది, ఇంట్లో తెలుగు, బయట కన్నడం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక్కొక్క కేసుకూ రాత్రంతా నిద్ర పట్టేది కాదంట. రానురానూ చెంప మీద గుర్తు చూసి ఇది ఎడంచేతి దెబ్బ అని చెప్పేస్తా ఉండింది. చెప్తానే ఇడ్లీ తినేది. చట్నీలో ఉప్పు తక్కువైతే అది కూడా చెప్పేది.

వాళ్ళ నాయన పోయినప్పుడు, వచ్చినోళ్ళకు కాఫీలు అందినాయా లేదా అని చూసుకుంటా తిరిగింది. వాళ్ళమ్మ సుబ్బలక్ష్మమ్మ పక్కకు పిలిచి అడిగిందంట, "నేత్రా... నీకు ఏడుపు రాదా?" అని.

"రాలేదమ్మా," అనింది. అబద్ధం చెప్పలేదు. నిజంగానే రాలేదు.

గీతాంజలిని కోసి చూసిన డాక్టరు ఒక మాట చెప్పినాడు. "లోపల రక్తం కారింది. దెబ్బ తగిలినాక కూడా చానాసేపు బతికింది. ఎవరన్నా ఆస్పత్రికి తీసుకొచ్చుంటే..." అని ఆగిపోయినాడు. ఇట్లా ఆగిపోయే డాక్టర్లను నేత్రావతి చానామందిని చూసింది. సరే సార్ అని చెప్పి బయటకొచ్చేసింది.

అసలు చిక్కు హరిణి దగ్గరొచ్చింది.

తల్లి పోయినాక పాపను బాలమందిరంలో పెట్టినారు. ఇప్పుడు మునీంద్ర నా బిడ్డను నాకిచ్చేయండి అని పిల్లల సంక్షేమ సమితి ముందర అర్జీ పెట్టుకున్నాడు. కన్న తండ్రి, ఉద్యోగం ఉండాది, పైన కేసేమీ లేదు. సోమవారం నిర్ణయం. ఆయన మీద ఒక్క సాక్షి అన్నా నోరు తెరవకపోతే పాపను ఆ పొద్దే పంపించేస్తారని నేత్రావతికి బాగా తెలుసు.

శుక్రవారం బాలమందిరానికి పోయింది. హరిణి కిటికీ దగ్గర కూర్చోని బొమ్మకు రంగులు వేస్తా ఉండింది. అంతలో వాచ్‌మన్ వచ్చి గోడకు గడియారం తగిలించడానికి చెయ్యి పైకెత్తినాడు. అంతే, పాప తలకాయ రెండు భుజాల మధ్యలోకి లాక్కొనింది. ఆ చెయ్యి కిందికి దిగేదాకా అట్లనే ఉండి, మళ్ళీ రంగులు వేసుకొనింది. చెయ్యెత్తితే ఏమైతాదో తెలిసిన బిడ్డ అది. నేత్రావతికి ఇంకేమీ చెప్పనక్కరలేకపోయింది. కానీ ఇది సాక్ష్యం కిందికి రాదు.

పాప తలెత్తి అడిగింది, మధ్యాహ్నం అన్నంలోకి ఏం కూర అని అడిగినట్టే అడిగింది. "మేడం, మా నాయన దగ్గరికి పోతే రాత్రి నేను యాడ దాక్కోవల్ల?"

"ఇంతకుముందు యాడ దాక్కునేదానివి?"

"అమ్మ నన్ను పుష్పత్త ఇంట్లో పడుకోబెట్టేది. ఇప్పుడు అమ్మ లేదు కదా... ఎవరు పిలుచుకుపోతారు?"

 నేత్రావతి పాప తల మీద చెయ్యి పెట్టల్లనుకొనింది, చెయ్యెత్తితే మళ్ళీ భయపడతాదేమో అని ఊరకుండింది.

అక్కడినించి నేరుగా వఠారానికి పోయింది. వెంట కానిస్టేబుల్ ఫాతిమా. ఫాతిమాది మదనపల్లి, కొత్తగా వచ్చిన పిల్ల, ఇంకా నోట్లో మాట ఆగదు, కంట్లో నీళ్ళూ ఆగవు.

ఇల్లిల్లూ తిరిగినారు. చెప్పింది అందరూ ఒకటే. ఆ రాత్రి మాకేం వినపడలేదు, మేము పనికి పోయొచ్చి అలిసి పడుకున్నాం, ఫ్యాక్టరీ మిషన్ల రొదలో ఏం వినపడతాది మేడం... మునీంద్ర ముందే అన్నాడు ఈ మాట. ఎవరు అరిచినా ఆ రొదలో పక్కింటికి కూడా వినపడదు అని.

అందరూ ఇట్లా నోరు మూసుకున్నోళ్ళే. అదే, ఇప్పుడు ఆ ఇంట్లో ఏముండాది అని ఫాతిమా ఊరికే అడగంగానే చూడల్ల. మాటలు వరదలొచ్చినట్టు వచ్చినాయి.

ముందుగా చెప్పింది నడిమి ఇంటికి ఎడంపక్క గోడ వారనుండే బాలయ్య. చిక్కపేటలో బట్టల మూటలు మోసే పెద్దాయన.

"ముందు గిన్నె పడిన చప్పుడు వస్తాది తల్లీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ తర్వాత గోడకు ఏదో బరువుగా తగిలినట్టు... ధబ్ అని. మా గోడ అదురుతాది. ఆ తర్వాత పిలుపు మొదలైతాది. పుష్పక్కా... తలుపు తెరువక్కా... అని. అచ్చం గీతాంజలి గొంతే."

"గీతాంజలి బతికుండంగా ఎప్పుడన్నా అట్ల అరిచిందా తాతా?"

"లేదు తల్లీ. ఒక్క పొద్దు కూడా వినలేదు."

"మరి అరిస్తే ఆయమ్మ గొంతు ఎట్లుంటాదో నీకెట్ల తెలిసింది?"

బాలయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ భుజం మీదనే వేసుకున్నాడు. 

నేత్రావతికి అర్థమైపోయింది. వీళ్ళు దయ్యం గురించి చెప్పేదంతా ఆ రాత్రి జరిగిందే. బతికున్న మొగుడి మీద చెప్పడానికి నోరు రాదు, చచ్చిన పెండ్లాము మీదైతే ఎంతైనా చెప్తారు. ఈ ఉద్యోగంలో ఇన్నేండ్లుండి కూడా ఇట్లా సాక్ష్యం చెప్పేవాళ్ళను ఆమె చూడలేదు.

లేచి పోతా ఉంటే బాలయ్యే మళ్ళీ పిలిచినాడు.

"ఇంకొకటి ఉండాది తల్లీ. రోజూ రాత్రి ఆ ఇంటి గడప ముందర ఎవరో ఒక చెంబు నీళ్ళు పెడతారు. తెల్లారేసరికి చెంబూ ఉండదు, నీళ్ళూ ఉండవు. దాహంతో పోయినోళ్ళకు కదా నీళ్ళు పెట్టేది... అందుకే అందరికీ ఇంకా భయం."

పోయి చూసింది. గడప రాయి మీద గుండ్రంగా తడి మచ్చ ఉండింది, పెట్టిన చోటే పెట్టి పెట్టి పడిన మచ్చ. ఎవరో పాతకాలం మనుషులు, పద్ధతి కొద్దీ పెడతా ఉంటారులే అనుకొని నేత్రావతి ఆ సంగతి అంతటితో వదిలేసింది.

కుడిపక్క ఇల్లు పుష్పావతిది. మొగుడు లేని ఒంటి మనిషి, ఫ్యాక్టరీలో కుట్టిన బట్టలకు మిగిలిన దారాలు కత్తిరించే పని. తలుపు జానెడు తెరిచి నిలబడుకొనింది.

"మీకు కూడా ఆ పిలుపు వినపడతాదా అమ్మా?"

"లేదు మేడం. నాకేం వినపడదు."

"వఠారమంతా వినపడతాది అంటా ఉండారే. పిలిచేది మీ పేరు పెట్టే కదా."

"నాకు వినపడదు మేడం," అని తలుపు వేసేసింది.

తిరిగి పోతా జీపులో ఫాతిమా అనింది, "ఎంత చిత్రం మేడం. దయ్యం పిలిచేది ఆయమ్మను, వినపడనిది ఆయమ్మ ఒక్కదానికే." నేత్రావతి అప్పటికే ఇంకొకటి ఆలోచిస్తా ఉండింది.

ఆమె పనిచేసే తీరు ఒకటుంది. వినపడలేదు అని అందరూ చెప్తే, వినపడతాదా లేదా అని తానే పోయి చూస్తాది. జరిగిన చోట, జరిగిన వేళకు కూర్చోని, అరిచి చూస్తాది. పక్కింట్లో ఇంకొకరిని పెడతాది. వినపడితే అది కాగితం మీదికెక్కుతాది, అప్పుడు అబద్ధం చెప్పినోళ్ళను గట్టిగా అడగొచ్చు. శనివారం రాత్రికి అదే ఏర్పాటు. బాలయ్యకు ఆ రాత్రి చిక్కపేటలో లోడు దించే పనుండింది. ఎందుకేమని అడక్కుండానే తాళం ఫాతిమా చేతికిచ్చి పోయినాడు. వఠారంలో ఇంకెవరికీ చెప్పలేదు. చెప్తే అందరూ చెవుల్లో దూది పెట్టుకునేస్తారు.

ఫాతిమా బాలయ్య ఇంట్లో చీకట్లో కూర్చుంది. ఏం వినపడితే అది గుర్తుపెట్టుకో, నేను చెప్పేదాకా బయటికి రావద్దు అని చెప్పి నేత్రావతి నడిమి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరికేసుకొనింది.

లోపల ఫినాయిల్ వాసన ఇంకా పోలేదు. గోడకు మేకు, మేకుకు హరిణి నీళ్ళ బాటిల్ తాడుతో వేలాడతా ఉండింది. బాత్‌రూం తలుపు పక్కన, గీతాంజలి పడుండిన చోట, నేత్రావతి కింద కూర్చొని గోడకు ఆనుకొనింది. ఫోన్ ఆపేసింది. ఇట్లాంటి ఇండ్లలో ఇట్లా కూర్చోవడం ఆమెకు కొత్త కాదు. భయం లేదు, బాధ లేదు. రేపు ఆదివారం బట్టలు ఉతకల్ల అనుకొనింది.

సైరన్ మోగింది.

నేత్రావతి గొంతు సవరించుకొని పిలిచింది, "పుష్పక్కా."

పోలీసు గొంతు వచ్చింది. ఆర్డరు వేసినట్టు. ఇది కాదు అనుకొనింది. స్టేషన్‌లో తన ఎదురుగా కూర్చోని మాట్లాడిన ఆడవాళ్ళ గొంతులన్నీ ఆమె చెవుల్లో ఉండాయి. వాటిలో ఒకటి తీసుకొనింది.

"పుష్పక్కా... తలుపు తెరువక్కా... పుష్పక్కా..."

రేకుల కప్పు కింద ఆ గొంతు ఎవరిదో అయిపోయింది.

ఒక్క నిమిషం సందంతా బిగుసుకుపోయినట్టుండింది. ఆ తర్వాత—

టక్.

దూరంగా ఒక ఇంట్లో గడియ పడింది.

టక్... ఇంకొక ఇంట్లో. ఆ పక్కన ఇంకొకటి. ఎదురింట్లో టీవీ శబ్దం పెరిగింది. ఎక్కడో పసిబిడ్డ ఏడవబోతే నోరు మూసినట్టున్నారు, ఏడుపు సగంలో ఆగింది. టక్... టక్... వరసగా, ఇటు చివరినించి అటు చివరిదాకా, గడియలు పడతానే ఉండాయి.

నేత్రావతి చీకట్లో వింటా ఉండింది. ఈ చప్పుడు ఏ ఒక్కరూ ఆమెకు చెప్పలేదు. ఈ చప్పుడు గోడకివతల ఉండినోళ్ళకే వినపడతాది. గీతాంజలి వినింటాది. ఇదే జాగాలో పడుకొని, ఒక్కొక్క గడియా పడతా ఉంటే, ఇంకెంతమంది మిగిలినారు అని లెక్కేసుకునింటాది.

లేవల్లనుకొనింది. కాళ్ళు రాలేదు.

ఎంతసేపు అట్ల కూర్చుందో ఆమెకు తెలీదు. నిద్ర కాదు, మెలకువ కాదు. నోరెండిపోయి నాలుక అంగిట్లో అతుక్కునింది. కళ్ళు తెరిచుండినా మూసుండినా ఒకటే చీకటి. స్టేషన్, జీపు, ఫాతిమా... అన్నీ ఎక్కడో దూరంగా ఉన్నట్టుండింది. తాను ఎవరో కూడా అంత ముఖ్యమనిపించలేదు.

అప్పుడు కుడిపక్కనించి ఇంకొక చప్పుడు వచ్చింది.

పడే గడియ కాదది. తీసే గడియ.

చెప్పుల్లేని కాళ్ళు సందులో నడిచొచ్చినాయి. ఆగినాయి. గడప రాయి మీద చెంబు పెట్టిన చప్పుడు... నీళ్ళు కొంచెం తొణికినాయి.

"తెచ్చినా తల్లీ," అని గుసగుసగా ఒక గొంతు. పుష్పావతిది. "ఇంక అడగొద్దు... తెచ్చినా."

నేత్రావతి తల మాత్రం తలుపు వైపు తిప్పింది.

"ఆ పొద్దు కూడా తెస్తిని కదమ్మా. నీళ్ళు నీళ్ళు అని నువ్వు అడగతా ఉంటే గోడకు చెవి ఆనించి విని... చెంబు తీసుకొనే వస్తిని. ఈ మెట్టు మీద వాడు కూర్చోనుండె. మునీంద్ర. ఫోన్ చూసుకుంటా ఉండె. యాడికక్కా అనె. పాపం నీళ్ళడగతా ఉండాది కదప్పా అంటే... లోపలికి పో అక్కా, మొగుడూ పెండ్లాల మధ్య నీకేం పని, రేపు నీకేమన్నా అయితే నీ గుమ్మంలోకి ఎవరూ రారు చూసుకో... అనె."

బయట ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"పోతిని తల్లీ. తలుపేసుకుంటిని. భయానికి నోరెండిపోయింది నాకు. నీకని తెచ్చిన నీళ్ళు... చేతిలో అట్లే ఉండె... నేనే తాగేస్తిని. గడగడా అంతా తాగేస్తిని. నువ్వు ఇంకా అడగతానే ఉంటివి."

మొగుడు ఇంట్లోనే ఉండినాడు. ఆమె చచ్చేదాకా మెట్టు మీద కాపలా కూర్చోనుండినాడు. డ్యూటీ కథ అబద్ధం. సాక్షి దొరికింది. నేత్రావతి తలకాయ ఇవన్నీ ఒక్కొక్కటిగా పేర్చిపెట్టుకొనింది, ఎప్పుడూ చేసేటట్టే. లోపల మాత్రం ఏమీ కదల్లేదు. అది చూసి ఆమెకే తనంటే భయమేసింది.

లేచి తలుపు తీసింది.

పుష్పావతి కేక పెట్టలేదు, పారిపోలేదు. చీకట్లో వాకిట్లో నిలబడిన ఆడమనిషిని చూసి, చెంబు రెండు చేతులతో పైకెత్తి చాపింది. దీని కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నట్టు చాపింది.

నేత్రావతి చెంబు తీసుకొని తాగింది. ఎందుకు తాగిందో ఆమెకే తెలీదు. చల్లటి నీళ్ళు, కొంచెం చిలుము వాసన. సగం తాగి ఆగింది.

"నేను నేత్రావతిని. పోలీస్."

పుష్పావతి గడప పక్కనే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నేత్రావతి పక్కన కూర్చొని, ఏడుపు తగ్గేదాకా కాచుకొనింది. కాచుకోవడం ఆమెకు బాగా వచ్చు.

"ఇదంతా సోమవారం వచ్చి చెప్పల్లమ్మా. సమితి ముందర, ఆ తర్వాత జడ్జి ముందర."

"దయ్యానికి చెప్తిని కదా మేడం... మనుషులకు కూడా చెప్పల్నా?" అనింది పుష్పావతి. ఎకసక్కెం కాదు, నిజంగానే అడిగింది. "వాడు నన్ను బతకనిస్తాడా? ఒంటిదాన్ని."

"నేనుంటా."

"మీరు రోజూ ఉంటారా మేడం?"

రోజూ ఉండడం కుదరదని నేత్రావతికి తెలుసు.  ఈ మాటిచ్చి నిలబెట్టుకోలేని పోలీసులను ఆమె చానామందిని ఎరుగు, అద్దంలో కూడా ఒకామెను.

"హరిణి నన్నొక మాట అడిగింది," అనింది చివరికి. "నాయన దగ్గరికి పోతే రాత్రి యాడ దాక్కోవల్ల అని. ఇంతకుముందైతే పుష్పత్త ఇల్లుండేది అనింది. నేను జవాబు చెప్పలేకపోతిని. నువ్వు చెప్పు... ఏం చెప్పమంటావు?"

పుష్పావతి ఆ గడప మీది తడి మచ్చ వైపు చూసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని లేచింది.

"సోమవారం ఎన్నింటికి రావల్ల?" అనింది.

ఫాతిమా బయటికొచ్చేసరికి పుష్పావతి తలుపేసుకొనింది. ఈసారి గడియ పడిన చప్పుడు రాలేదు.

"అంతా వినపడిందా?"

"అంతా మేడం. అరుపు, గడియలు, లాస్ట్‌లో చిన్నగొంతు కూడా. మాట మాటా వినపడింది." ఫాతిమా కళ్ళు తడిగా ఉండాయి. "ఏం గోడలు మేడం ఇవి... అట్టముక్కలు."

"రాసేయి," అని నేత్రావతి జీపు ఎక్కింది.

సోమవారం పుష్పావతి వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకొని, చేతిలో ఒక సంచి పట్టుకొని వచ్చింది. మునీంద్ర ఎదురు బెంచీలో కూర్చోనుండినాడు, కూతురికని కొత్త గౌను కొనుక్కొచ్చినాడు. పుష్పావతి ఆయన్నే చూస్తా, గొంతు పెంచకుండా, మెట్టు మీద కూర్చోని ఏమేమన్నాడో అన్నీ చెప్పింది. నీళ్ళు తానే తాగిన సంగతి కూడా దాచలేదు. ఆ తర్వాత బాలయ్య వచ్చినాడు, తానూ వినినానన్నాడు. దయ్యం మాట ఎవరూ ఎత్తలేదు. గోడౌన్ స్నేహితులను స్టేషన్‌లో కూర్చోబెట్టి అడిగేసరికి హాజరు తామే వేయించినామని ఒప్పుకున్నారు. మునీంద్రను వరండాలోనించే తీసుకుపోయినారు. గౌను బెంచీ మీదే ఉండిపోయింది.

హరిణిని హిందూపురంలో చిన్నమ్మ ఇంటికి పంపించినారు. పంపించేటప్పుడు పుష్పావతి ఆ సంచి పాప చేతికిచ్చింది. ఏమిస్తా ఉండాదో అని చూస్తే అందులో హరిణి నైట్ గౌను, తలగడ. దాక్కోవడానికి వచ్చినప్పుడు వాడుకునేవి. ఆమె ఇంట్లోనే ఉండిపోయినాయంట.

వఠారంలో ఆ రాత్రినించి పిలుపు ఆగిపోయిందని చెప్తారు. కొన్నాళ్ళకు ఆ ఇంట్లోకి బీహారీ పిల్లలెవరో చేరినారు. ఇంతటితో కథ అయిపోవల్ల నిజానికి.

కొన్ని వారాలు పోయినాక, హోసూరు రోడ్డు పక్కన టీ బండి దగ్గర నేత్రావతి, ఫాతిమా నిలబడుకోనుండినారు. మిట్టమధ్యాహ్నం. ఎండ, బస్సుల హారన్లు, పక్కన జ్యూస్ మిషన్ గరగర. అప్పుడే ఇంకొక కేసు చూసి వచ్చినారు. నేత్రావతి బన్ను తుంచి టీలో ముంచుకుంటా ఉండింది.

"మేడం, ఒకటడగనా? కోప్పడకూడదు," అనింది ఫాతిమా.

"అడుగు."

"ఆ రాత్రి ఆ ఇంట్లో మీరు అరిచినారు కదా, పుష్పక్కా అని. అది పరవాలేదు మేడం, అది విన్నా నేను తట్టుకున్నా. ఆ తర్వాత... చిన్నగొంతుతో అడిగినారే. అదే నా వల్ల కాలేదు."

"ఏం అడిగినాను?"

"నీళ్ళు." ఫాతిమా మెడ కింద చెయ్యి పెట్టుకొనింది. "గడియలన్నీ పడిపోయినాక. నీళ్ళు... నీళ్ళు... అని. నిజంగా గొంతెండిపోయినోళ్ళు అడిగినట్టే. బాటిల్ తీసుకొని లేచేసినా మేడం, మీరు రావద్దన్నారని మళ్ళీ కూర్చున్నా. ఆ పక్క ఆయమ్మ గడియ తీసింది కూడా మీరు అట్ల అడిగినాకనే కదా. అయినా ఆ పిల్ల నీళ్ళడిగిందని మీకు ముందే ఎట్ల తెలిసింది మేడం? అప్పటికి మనకెవరూ చెప్పలేదే."

బన్ను టీలో విరిగి మునిగిపోయింది.

నేత్రావతి ఆ చీకటిని గుర్తుతెచ్చుకొనింది. అంగిట్లో అతుక్కున్న నాలుక. కదలని నోరు. తెచ్చినా తల్లీ, ఇంక అడగొద్దు... అన్న పుష్పావతి గొంతు. తాను అడగలేదు. అడగలేదని ఖాయంగా చెప్పగలదా అంటే, అదీ చెప్పలేదు.

మోచేతి దగ్గర మొదలై భుజం దాకా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.  ఇన్నేండ్లుగా రానిది ఏదో కళ్ళల్లో నిండింది.

"మేడం? ఏమైంది మేడం?"

"ఏం లేదు," అనింది నేత్రావతి. చేతిలో గ్లాసు బండి మీద పెట్టేసింది. "నేనేలే ఫాతిమా... నేనే అడిగినా. కొంచెం నీళ్ళిస్తావా?"